ఈరన్న బిగించిన లీవర్

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేసే ఈరన్నకు ఒక మొండి నియమం ఉంది. బండి లోపలికి వచ్చిందంటే బండిగల మనిషి బయటికి పోవాలి. గేటు బయట బండరాయి ఉంది, దాని మీద కూర్చోవచ్చు. ఎదురుగా టీ అంగడి ఉంది, ఎన్ని టీలైనా తాగవచ్చు. లోపలికి తొంగి చూస్తే మాత్రం ఊరుకోడు. గేరు మార్చేటప్పుడు ఏదో చప్పుడు వస్తోందని ఎవరైనా నోరు తెరిచారో, చేతిలోని స్పానర్ వాళ్ల చేతిలో పెట్టేసి, అంత తెలిసినవాడివి నువ్వే చేసుకో పొమ్మంటాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా జనం వస్తారు, పని తెలిసిన మనిషి కాబట్టి.

ఆమడగూరు పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. బడి ఐదో తరగతితో సరి. అతనికి ఇరవై ఏళ్లప్పుడు వరుసగా మూడేళ్లు వానలు ఎగ్గొట్టి మంద కరిగిపోతే లారీ క్లీనరుగా ఎక్కాడు. నాగపూర్ దాకా, కటక్ దాకా తిరిగాడు. బండి చెడిపోయిన ప్రతిచోటా మెకానిక్కు భుజం మీదుగా తొంగి చూసి, అడగాల్సినవీ అడగకూడనివీ అడిగి, తిట్లు తిని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తన భుజం మీదుగా ఎవరైనా చూస్తే ఒళ్లు మండుతుంది. ఏం చెబుతాం, మనుషులు అలాగే ఉంటారు. యాభై నాలుగేళ్లకు అతనికి పేరు తెచ్చింది మామూలు రిపేర్లు కాదు. ఒక బండి చాసిస్ మీద ఇంకో బండి ఇంజను కూర్చోబెట్టి, అడిగినవాళ్ల అవసరానికి తగ్గట్టు కొత్త బండి కట్టిస్తాడు. గొర్రెపిల్లల్ని రెండు అంతస్తుల్లో ఎక్కించుకునే బండి కట్టాడు, టమోటా తోటల్లో మందు కొట్టే బండి కట్టాడు. తను కట్టిన ఏ బండీ దారిలో ఆగలేదని పదిమందిలో చెప్పుకుంటాడు.

అలాంటివాడి దగ్గరికి మొన్న ఫిబ్రవరిలో సుధారాణి వచ్చింది. మడకశిర అవతల అమరాపురం దగ్గర రెండెకరాల మల్బరీ తోట ఆమెది. పట్టుపురుగులు పెంచుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర పెట్టుకుని నడుస్తుంది. వెనక రెండు చక్రాలు అదనంగా తగిలించిన స్కూటర్ మీద ఇరవై ఏళ్లుగా తిరుగుతోంది. ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే పురుగులకు ఆకు వేసే టైమైందని చెప్పి లేచిపోతుంది.

పట్టుగూళ్లు కోసిన రోజు పొద్దున్నే హిందూపురం మార్కెట్లో ఉండాలి. ఎండ ఎక్కేకొద్దీ గూడు బరువు తగ్గుతుంది, ఆలస్యంగా వచ్చిన గూళ్లను కొనేవాళ్లు వేళ్లతో నొక్కి చూసి పెదవి విరుస్తారు. ఆటోవాళ్లు వస్తామంటారు, రారు. అందుకని ప్రతి పంటకూ ఆమె తమ్ముడు గోపాల్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చి గూళ్లు తోలేవాడు. పోయిన పంటకు అతనికి సెలవు దొరకలేదు. ఆటో పదకొండింటికి వచ్చింది, సంచుల్లో గూళ్లు ఆవిరికి మెత్తబడిపోయాయి. గోపాల్ చెడ్డవాడు కాదు, అలిసిపోయాడు. మల్బరీ పీకించేసి కంది వేద్దాం, కందికైతే నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంటిపట్టున ఉండు అన్నాడు. నాయన కొన్న పాత జీపును నేను నడిపేలా కట్టించుకుంటానని సుధారాణి పట్టుబట్టింది. రవాణాశాఖ తనిఖీలో అది పాసై నా చేతికి లైసెన్సు వస్తే తోట ఉంటుంది, లేకపోతే నీ ఇష్టం అంది. గోపాల్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఏప్రిల్ రెండో సోమవారం తోట పీకడానికి జేసీబీకి కూడా చెప్పిపెట్టాడు. తనిఖీ అంతకు ముందు బుధవారం, ధర్మవరంలో, పగలు ఒంటిగంట లోపల. మళ్లీ ఎప్పుడు పెడతారో చెప్పగలిగినవాళ్లు లేరు.

జీపు ఇంజను ఎప్పుడో పట్టేసింది. మార్పుకు అనుమతి కాగితం రాగానే ఈరన్న ఒక వ్యాన్ ఇంజనూ గేర్‌బాక్సూ తెచ్చి దాంట్లో కూర్చోబెట్టాడు. ఎడమకాలితో తొక్కే క్లచ్ ఆమెకు పనికిరాదు. కాబట్టి గేరు రాడ్‌కే ఒక లీవర్ బిగించాడు, మోటారు సైకిల్ హ్యాండిల్‌కు ఉంటుందే, అలాంటిది. ఎడమచేత్తో లీవర్ నొక్కి, అదే చేత్తో గేరు మార్చాలి. కేబుల్ అయితే బరువని ఆయిల్‌తో పనిచేసే క్లచ్ పెట్టాడు. లీవర్ నొక్కితే పై సిలిండర్లోని ఆయిల్ సన్నగొట్టం గుండా కింది సిలిండర్‌కు పోయి క్లచ్‌ను విడదీస్తుంది. వదిలితే ఆయిల్ వెనక్కి వస్తుంది, క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. చెప్పడానికి ఇంతే.

చేయడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. లీవర్ పూర్తిగా నొక్కినా క్లచ్ విడిపోదు, రివర్స్ వేయబోతే గేర్లు గర్రుమంటాయి. ఎక్కడో గాలి చేరిందని సీసాల కొద్దీ ఆయిల్ పోసి గాలి తీశాడు. తీసినకొద్దీ వస్తూనే ఉంది. పొట్ట ఉబ్బిన గొర్రెకు గాలి ఎక్కడ నిలుస్తుందో తడిమి చెప్పగల మనిషికి, గొట్టం ఇంజను మీదుగా ఎత్తు తిరిగిన చోట గాలి నిలుస్తోందని కనిపెట్టడానికి మూడు రోజులు పట్టింది. గొట్టం కిందినుంచి తిప్పాడు. ఆ తర్వాత లీవర్ ఆయిల్‌ను చాలినంత నెట్టడం లేదని తేలింది. లేతు పనిచేసే నాగన్న దగ్గర కూర్చుని, బోల్టు రంధ్రం జరిపి కొత్త లీవర్ చేయించాడు. అప్పటికి దారికొచ్చింది. కాకపోతే గేరు పడాలంటే లీవర్‌ను చివరిదాకా, రాడ్‌కు తగిలేదాకా నొక్కాలి.

తనిఖీకి ముందురోజు మంగళవారం సుధారాణి వచ్చి ఖాళీ స్థలంలో పొద్దుగూకేదాకా నడిపి చూసుకుంది. దిగి చంకకర్ర అందుకుంటుంటే ఆమె ఎడమ అరచేతిలో బొబ్బ ఈరన్న కంటబడింది. అతను ఏమీ అడగలేదు. ఆమె పోయాక, లీవర్ పిస్టన్‌ను నెట్టే చోట ఉండే చిన్న స్క్రూను రెండున్నర చుట్లు లోపలికి తిప్పి బిగించాడు. నొక్కడం మొదలుపెట్టినప్పుడు లీవర్ కాసేపు వదులుగా కదులుతుంది కదా, ఆ వదులు మొత్తం పోయింది. ఇప్పుడు తాకితే చాలు పని మొదలవుతుంది, సగం నొక్కితే గేరు పడుతుంది. ఆ తల్లి చెయ్యి ఇక నొప్పిపడదు అనుకుంటూ ఇంటికి పోయాడు. చేసిన మేలు చాటుకునే అలవాటు లేదు కాబట్టి పెళ్లాం పుట్టమ్మకు కూడా చెప్పలేదు.

బుధవారం ఏడున్నరకు బయల్దేరారు. ఊరి రద్దీ దాటాక నీకిస్తానని చెప్పి ఈరన్నే స్టీరింగ్ పట్టాడు. రద్దీ దాటింది, ఇవ్వలేదు. ఆమె అడగలేదు. తొమ్మిది కాకుండానే రోడ్డు మీద ఎండ కాగుతోంది. సోమందేపల్లి దాటాక చిన్న ఎత్తు వచ్చింది. ఈరన్న యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను గొంతు పెంచింది గాని బండి వేగం పెరగలేదు. ఇంకా తొక్కాడు. ఇంజను అరుస్తోంది, బండి ఈడ్చుకుంటోంది, కాలిన వాసన ముక్కుకు తగిలింది. క్లచ్ పట్టుకోకుండా జారుతోంది. నిన్నటిదాకా విడిపోనని మొరాయించిన క్లచ్, ఇవాళ పట్టుకోనంటోంది.

పక్కకు ఆపి కింద దూరాడు. ఎక్కడా ఆయిల్ కారడం లేదు. మళ్లీ గాలి చేరిందేమోనని ఆమెను లీవర్ నొక్కి పట్టుకోమని, కింది సిలిండర్‌కు గాలి తీయడానికి ఉండే నిపుల్‌ను వదులు చేసి కాస్త ఆయిల్ వదిలాడు. గాలి బుడగ ఒక్కటీ రాలేదు. అయినా స్టార్ట్ చేసి చూస్తే క్లచ్ చక్కగా పట్టుకుంది. కారణం తెలియకుండా బాగుపడిన బండిని నమ్మకూడదని పాతికేళ్లుగా అందరికీ చెప్పే మనిషే, ఆ పూటకు నమ్మేశాడు. నమ్మక ఏం చేస్తాడు, టైము పోతోంది.

బండి కదిలాక సుధారాణి నెమ్మదిగా అడిగింది. "అన్నా, నిన్న ఈ లీవర్ మొదట్లో కొంచెం వదులుగా ఆడేది. ఈ పొద్దు ఆడలేదు. ఏమన్నా చేసినావా?"

"బండి సంగతి నేను చూసుకుంటా గదమ్మా" అన్నాడు ఈరన్న, రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పకుండా. ఆమె కిటికీ వైపు తిరిగింది.

పెనుకొండ కొండ ఎదురుగా కనిపిస్తుండగా మళ్లీ జారింది. ఈసారి చదును రోడ్డు మీదే. ఈరన్న చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. ఆపి, దిగి, నాగన్నకు ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు. రంధ్రం తప్పు చోట పెట్టావు, లీవర్ వెనక్కి రావడం లేదు, ఒక ఆడమనిషి బతుకు నీ లేతులో పడిందన్నాడు. నాగన్న అంతా విని, నీ కొలత మూడుసార్లు చూసుకుని చేశాను, నా తప్పయితే రేపట్నుంచి లేతు ముట్టనని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నాగన్న అబద్ధమాడే మనిషి కాదు, అది ఈరన్నకు తెలుసు. అందుకే ఇంకా మండింది.

కింద పడుకుని ఆలోచించాడు. క్లచ్ ప్లేటే నాసిరకమా? స్ప్రింగు చచ్చిపోయిందా? అదే అయితే గేర్‌బాక్సు దించాలి, రోడ్డు మీద అది అయ్యే పని కాదు. పైన సీట్లో సుధారాణి ఫోన్ మోగింది. గోపాల్. ఎక్కడున్నారని అడిగినట్టున్నాడు. దగ్గరికొచ్చేశాం, నువ్వు పనికి పో అని ఆమె మామూలు గొంతుతో చెప్పింది. ఆ మామూలు గొంతు ఈరన్నకు చెంపదెబ్బలా తగిలింది. ఆమె తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

అరగంట అటూ ఇటూ తడుముకున్నాడు. ఈలోపు ఇంజను చల్లబడింది, క్లచ్ దానంతటదే బాగుపడింది. మళ్లీ కదిలారు. పెనుకొండ ఊరు దాటి ధర్మవరం రోడ్డు ఎక్కారు. అక్కడ ఉంది అసలైన ఎత్తు. సగం ఎక్కాక ఇంజను గోల పెట్టింది, బండి నిలబడిపోయింది. నిలబడి, వెనక్కి జారింది. వెనకనే గ్రానైట్ రాళ్ల లారీ హారన్ కొడుతోంది. ఈరన్న రెండు చేతులతో హ్యాండ్‌బ్రేక్ లాగాడు. లారీలోంచి ఇద్దరు దిగి, సణుక్కుంటూ జీపును పక్కకు తోసిపోయారు. పదకొండూ ఇరవై అయింది. ధర్మవరం ఇంకా గంట దూరం. పన్నెండుకు ముందు ఇక్కడినుంచి కదలకపోతే తనిఖీ లేదు, తనిఖీ లేకపోతే తోట లేదు.

సుధారాణి కర్ర ఊతంగా దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవర్ తలుపు దగ్గర నిలబడింది. షెడ్డు కాదు కదా, బయటికి పొమ్మనడానికి గేటు లేదు. లోపలికి చెయ్యి పెట్టి లీవర్‌ను తాకింది, వదిలింది, మళ్లీ తాకింది. ఈరన్న చక్రం పక్కన చతికిలబడి చూస్తున్నాడు.

"అన్నా, ఒక మాట చెబుతా, కోపం చేసుకోవద్దు. నా స్కూటర్‌కు ఒకసారి బ్రేకు కేబుల్ ఇట్లనే బిగించిచ్చినారు, ఆట లేకుండా. రెండు కిలోమీటర్లు పోయేతలికి చక్రం కాలి పట్టేసింది. చేత్తో వదిలినా బ్రేకు వదల్లా. ఇదీ అట్లనే ఉండాది. మనం వదిలినామని దానికి తెలియడంలేదు."

ఇంకో రోజైతే స్పానర్ ఆమె చేతిలో పెట్టి ఉండేవాడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అలాగే వెనక్కి వాలి బండి కిందికి పోయి, కింది సిలిండర్ నిపుల్‌కు స్పానర్ పెట్టాడు. పైన లీవర్‌ను ఎవరూ ముట్టుకోవడం లేదు. ఎవరూ నొక్కనప్పుడు గొట్టంలో బలం ఉండకూడదు, ఆయిల్ బొట్లుబొట్లుగా కారాలి. నిపుల్ పావు చుట్టు తిప్పాడు. ఆయిల్ సర్రుమని చిమ్మి అతని చెంప మీద పడింది. వేడిగా ఉంది.

అప్పుడు వెలిగింది. పై సిలిండర్లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే, ఆయిల్ తిరిగి పైనున్న డబ్బాలోకి పోయే చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. అది పూర్తిగా వెనక్కి రావడానికే లీవర్‌కు ఆ కాస్త వదులు. స్క్రూ బిగించి ఆ వదులు తీసేశాడు, రంధ్రం మూసుకుపోయింది. ఎండకూ ఇంజను వేడికీ గొట్టంలో ఆయిల్ ఉబ్బుతుంది, పోవడానికి దారి లేదు. దాంతో చెయ్యి పెట్టకుండానే క్లచ్‌ను అదే నొక్కేస్తోంది. చల్లబడితే వదులుతోంది. లారీల మీద తిరిగిన రోజుల్లో ఎవరో మెకానిక్కు తిడుతూ నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటది. ఈరన్న ఆయిల్ తుడుచుకోకుండా ఆకాశానికి అడ్డంగా ఉన్న చాసిస్‌ను చూస్తూ పడుకున్నాడు.

అతని బుర్రలో ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. స్క్రూ వెనక్కి తిప్పేసి, గాలి పట్టిందమ్మా తీసేశానంటే సరిపోతుంది. కట్టిన బండి దారిలో ఆగలేదన్న పేరు ఎలాగూ పోయింది, కనీసం ఎవరివల్ల ఆగిందో ఎవరికీ తెలియదు. ఆమెకు కావలసింది ధర్మవరం చేరడం, అంతే కదా. ఈ లెక్కంతా వేసుకుని బయటికి వచ్చాడు. వచ్చి ఆమె మొహం చూశాక ఆ మాట నాలుక మీద నిలవలేదు.

"నేనే బిగించినాను తల్లీ. నిన్న సాయంత్రం, నువ్వు పోయినాక. నీ చేతిలో బొబ్బ చూసి."

సుధారాణి అరచెయ్యి విప్పి చూసుకుంది. మాట్లాడినప్పుడు గొంతు పెద్దది కాలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఈ లీవర్ అంచు నున్నగా రాకలా నువ్వు. కత్తి మాదిరి ఉండాది. అది గీసుకోని వచ్చిన బొబ్బ ఇది. ముప్పై ఏండ్లుగా ఈ చేతుల మీదనే నడుస్తాండా నేను. నా చేతిలో బలం లేదని నీకెవరు చెప్పినారు?"

చంకకర్ర పిడి మీద బిగిసిన ఆ చెయ్యి ఇప్పుడు సరిగ్గా కనిపించింది. మణికట్టు తన మణికట్టు కన్నా లావు. రెండు నెలలుగా ఆమె కాలు చూశాడు, కర్ర చూశాడు, చేతుల్ని చూడలేదు.

"ఒక్క మాట అడిగింటే చెప్పిందును గదా. అడగాలని నీకు తోచలేదు. మా తమ్మునికీ తోచలేదు, ఆటోవాళ్లకూ తోచలేదు. అందరూ నా మీద జాలిపడి, నా పనంతా చెడగొడతారు" అంది. ఆమె కళ్లలో నీళ్లు నిండాయి, కోపంతో. కొంగుతో గట్టిగా తుడిచేసుకుని, ఎంతసేపు పడుతుందని అడిగింది.

పది నిమిషాలన్నాడు. ఎనిమిది నిమిషాల్లో చేశాడు. లాక్‌నట్టు వదులు చేసి స్క్రూను రెండున్నర చుట్లు వెనక్కి తిప్పి, లీవర్ మళ్లీ మొదట్లో వదులుగా ఆడేలా చేసి బిగించాడు. డబ్బాలో తగ్గిన ఆయిల్ పోశాడు. టూల్‌బాక్సులోంచి ఆకురాయి తీసి, లీవర్ అంచును అక్కడికక్కడే ఒక్క నిమిషం పాటైనా రాకాడు. ఇప్పుడు మళ్లీ చివరిదాకా నొక్కాల్సి వస్తుందని తలవంచుకుని చెప్పాడు. నొక్కుతానంది. డ్రైవర్ సీటు ఎక్కి కర్రను పక్కన పెట్టుకుంది. ఎల్ బోర్డు ముందే కట్టి ఉంది. ఈరన్న అవతలి వైపు నుంచి ఎక్కి కూర్చున్నాడు. గడియారంలో పదకొండూ నలభై ఎనిమిది.

ఆ గంట ఎలా గడిచిందో ఈరన్నను అడగాలి. ప్రతి ఎత్తు దగ్గరా ఇంజను శబ్దం కొంచెం పెరిగితే చాలు, అయిపోయిందనుకునేవాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, గొట్టం కాగిపోయి ఉంటుంది, అయినా క్లచ్ జారలేదు. సుధారాణి గేరు మార్చినప్పుడల్లా లీవర్ రాడ్‌కు తగిలి టక్కుమనేది. ఆ టక్కు వినబడేదాకా అతనికి ప్రాణం కుదుటపడేది కాదు.

ధర్మవరం చేరేసరికి ఒంటిగంటకు పది నిమిషాలుంది. ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ మూసేస్తున్నాడు. అలసిన మొహంతో జీపునూ ఆమెనూ ఎగాదిగా చూసి, కాగితాలు తిప్పి, పక్క సీట్లో కూర్చున్నాడు. ఈరన్నను బయట నిలబడమన్నాడు. అతను తీగ కంచె అవతలికి పోయి నిలబడ్డాడు, పట్టుకున్న కంచె తీగ చేతికి గుచ్చుకుంటున్నా వదల్లేదు.

జీపు మలుపులు తిరిగింది. రాళ్ల మధ్యనుంచి పోయింది. దిబ్బ ఎక్కి మధ్యలో ఆగింది, మళ్లీ కదిలింది. చివరికి రివర్స్. గేర్లు గర్రుమన్నాయి. కంచె దగ్గర ఈరన్న కళ్లు మూసుకున్నాడు. లీవర్ చివరిదాకా నొక్కలేదు, తొందరపడింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగి ఏదో అంటున్నాడు. జీపు కాసేపు కదలకుండా నిలబడింది. ఆ కాసేపట్లో అతను ఆ మల్బరీ తోటలోకి జేసీబీ దిగడం కూడా మనసులో చూసేశాడు. తర్వాత టక్కుమని శబ్దం, అంత దూరానికీ వినబడింది. జీపు తిన్నగా వెనక్కి వచ్చి గీత మీద ఆగింది.

ఇన్‌స్పెక్టర్ దిగి బానెట్ తెరిచి చూశాడు, గొట్టం చూశాడు, సంతకం పెట్టాడు. పోతూపోతూ ఈరన్నతో ఒకటే అన్నాడు. లీవర్ అంచు ఇంకొంచెం గుండ్రంగా చేయించు, చెయ్యి కోసుకుంటుంది. ఈరన్న తలూపాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సుధారాణి సీట్లోనే కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది. సోమవారం జేసీబీ రావొద్దని చెప్పమంది. నువ్వే తోలినావా అక్కా అని అడిగాడట. పెనుకొండ నుంచి నేనే, అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో బయటపడి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈరన్న ఓదార్చబోయి ఆగాడు. నీళ్ల సీసా తెచ్చి సీటు మీద పెట్టి, పక్కకు పోయి నిలబడ్డాడు.

తిరుగు దారిలో స్టీరింగ్ ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. పెనుకొండలోకి ఎక్కే రోడ్డు మీద ముందు పోతున్న బస్సు, జనాన్ని దించడానికి ఎత్తు మధ్యలోనే ఆగింది. జీపు కూడా ఆగాల్సి వచ్చింది. వెనక వరుసగా బండ్లు. ముందు బస్సు, వెనక కారు, మధ్యలో ఏటవాలు. కుడికాలు బ్రేకు మీదినుంచి యాక్సిలరేటర్ మీదికి పోయే ఆ క్షణంలో ఎడమచెయ్యి లీవర్‌ను సరిగ్గా వదలాలి. లేకపోతే జీపు వెనక్కి జారి కారును కొడుతుంది. ఈరన్న చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్రేక్ మీదికి పోయింది.

"చెయ్యి తియ్యన్నా" అంది సుధారాణి, బస్సు మీదినుంచి చూపు మరల్చకుండా.

ఈరన్న చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాడు. బస్సు కదిలింది. లీవర్ రాడ్‌కు తగిలింది, మెల్లగా వెనక్కి వచ్చింది, ఇంజను గొంతు తగ్గి బండిని పట్టుకుంది. బెత్తెడు కూడా వెనక్కి జారకుండా జీపు పైకి ఎక్కింది. తను కట్టిన బండిలో ఏ పనీ లేకుండా కూర్చోవడం ఈరన్నకు అదే మొదటిసారి. భయంగానే ఉంది. హిందూపురం వచ్చేదాకా చెయ్యి మాత్రం పైకి తీయలేదు.